ఒంటెల లెక్క



మాస్టారి పేరు నా వెనక బ్యానర్ మీద పెద్ద అక్షరాల్లో ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ మాస్టారనే అంటాను. పేరు పెట్టి అనే ధైర్యం క్లాసులో కూర్చున్న రోజుల్లో లేదు, ఇప్పుడూ లేదు.

మాస్టారి నాన్నగారికి రెండెడ్ల బండి ఉండేది. పంటల కాలంలో రాత్రిళ్లు ఊరి ధాన్యం బస్తాలు బజారుకి తోలేవారు. ఆ బస్తాల మీద పడుకుని నక్షత్రాలు చూస్తూ పెరిగానని మాస్టారు చెప్పేవారు. ఆయన చెప్పే చరిత్రకి ఆ బండి వాసన పోలేదు. ఓసారి క్లాసులో ఒకడు లేచి, తళ్లికోట యుద్ధంలో ఎవరికెన్ని ఏనుగులు, ఎన్ని గుర్రాలు అని గడగడా అప్పజెప్పాడు. మాస్టారు అంతా విని, "బాగుందిరా. ఇంతకీ ఆ గుర్రాలన్నీ పొద్దున్నే నీళ్లు ఎక్కడ తాగాయి?" అన్నారు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సంగతి నాకు మాస్టారే చెప్పారు. 1791 మే నెలలో కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వెళ్లాడు, టిప్పుతో పోరులో పైచేయి కూడా అయింది. అయినా వెనక్కి తిరిగాడు. ఎడ్లు చచ్చిపోయాయి. లాగే పశువు లేక పెద్ద ఫిరంగుల్ని తానే పాడుచేయించి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి టిప్పుని లొంగదీసినప్పుడు, బంజారాల ఎడ్లు వేలకి వేలు ధాన్యం మోస్తూ ఆ సైన్యం వెంట ఉన్నాయి. మన దక్కన్‌లో ఏ సైన్యం కదిలినా వెనక లంబాడీ తండా కదిలేది. పాఠ్యపుస్తకంలో దానికి ఒక వాక్యం దొరికితే గొప్ప.

ఆ పాఠాన్ని పట్టుకుని ఇవాళ చాలా దూరం వెళ్దామనుకుంటున్నాను. మధ్య ఆసియాలో ఖీవా అనే ఎడారి రాజ్యం ఉండేది. రష్యా చక్రవర్తులు దాని మీదికి మూడు పెద్ద దండయాత్రలు పంపారు: 1717లో, 1839లో, 1873లో. మొదటిది మొత్తంగా తుడిచిపెట్టుకుపోయింది. రెండోది ఖీవా ముఖం కూడా చూడలేదు. మూడోది గెలిచింది. రష్యన్లకి తుపాకులున్నాయి, ఖీవావాళ్లకి కత్తులున్నాయి, అందుకే గెలిచారని మామూలుగా చెప్పుకుంటాం. తుపాకుల బలం 1717లో కూడా రష్యన్లదే కదా. మరి మారిందేమిటి?

ముందు ఊరు చూద్దాం. ఆము దరియా నది అరల్ సముద్రంలో కలవబోయే ముందు పాయలుగా చీలేది. ఆ పాయల నుంచి కాలవలు తవ్వుకుని, గోధుమలు, జొన్నలు, పత్తి, పుచ్చపళ్లు పండించుకుని బతికిన రాజ్యం ఖీవా. దక్షిణాన, పడమట కారాకుమ్, అంటే నల్ల ఇసుక. తూర్పున కిజిల్‌కుమ్, ఎర్ర ఇసుక. వాయవ్యాన ఉస్త్‌యుర్త్ అనే చదును పీఠభూమి, దానికవతల కజఖ్‌ల గడ్డి మైదానాలు. ఎటు నుంచి వచ్చినా వారాల తరబడి ఎడారి దాటందే ఖీవా కాలవ కనబడదు. ఖాన్‌కి కోటగోడ ఉండేది, మట్టి గోడ. అసలు గోడ మాత్రం బయటి ఇసుకే.

ఆ రాజ్యానికి నీళ్లంటే ఏమిటో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. ఖీవా చరిత్ర రాసిన ఇద్దరు పెద్ద రచయితలు మూనిస్, ఆయన మేనల్లుడు ఆగహీ. ఇద్దరూ కవులే, ఇద్దరూ మిరాబ్ పదవి చేసినవాళ్లే. మిరాబ్ అంటే కాలవల మీద అధికారి. రాయలసీమలో నీరుగంటి అంటారే, తెలంగాణ ఊళ్లలో నీరటికాడు అంటారే, ఆ పనికి రాజ్యస్థాయి పెద్ద అనుకోండి. ఒక దేశపు చరిత్రని దాని నీరుగంట్లు రాశారు! మాస్టారికి ఈ సంగతి చెప్పే అవకాశం నాకు దొరకలేదు. తెలిసుంటే వారం రోజులు కనబడినవాడికల్లా చెప్పేవారు.

అలాగని ఖీవాని పాపం పుణ్యం ఎరగని రాజ్యంగా చూపించను. అక్కడ బానిసల సంత ఉండేది. తుర్క్‌మెన్ దండులు పర్షియా ఊళ్ల మీద పడి మనుషుల్ని పట్టుకొచ్చి అమ్మేవి. కాస్పియన్ సముద్రంలో చేపలు పట్టుకునే రష్యన్లు కూడా అలాగే చిక్కి ఆ సంతకి చేరేవారు. ఖీవా పొలాల్లో, తోటల్లో, కట్టడాల్లో ఆ చేతుల పని ఉంది. బందీల్ని విడిపిస్తామన్న రష్యా మాట ఒట్టి సాకు కాదు. ఆ మాట వెనక ఉన్నది అదొక్కటే కూడా కాదు.

1717కి వద్దాం. పీటర్ చక్రవర్తికి ఒక తుర్క్‌మెన్ ప్రయాణికుడి ద్వారా రెండు ఆశలు అందాయి. ఆము దరియా ఇసుకలో బంగారం ఉందన్నది ఒకటి. ఆ నది ఒకప్పుడు కాస్పియన్‌లో కలిసేదని, ఖీవావాళ్లు అడ్డుకట్ట వేసి మళ్లించారని, కట్ట తెగ్గొడితే రష్యా నుంచి ఇండియా దిక్కుకి పడవల్లో పోవచ్చన్నది రెండోది. ఎండిన పాత నది బాట ఇప్పటికీ ఉంది, ఉజ్‌బాయ్ అంటారు. ఖాన్‌ని రష్యా నీడలోకి తెమ్మని, నది సంగతి తేల్చమని ప్రిన్స్ బెకోవిచ్-చెర్కాస్కీని కొన్ని వేల మందితో పంపాడు. కాకసస్ కొండల్లో కబర్దా ముస్లిం ప్రభువుల ఇంట పుట్టి క్రైస్తవం తీసుకున్న మనిషి బెకోవిచ్.

విచిత్రం ఏమిటంటే బెకోవిచ్ ఎడారిని గెలిచాడు. నడివేసవిలో, అలిసిపోయిన మనుషులతో, ఖీవాకి కొద్ది రోజుల దూరం దాకా చేరాడు. అడ్డొచ్చిన ఖాన్ సైన్యాన్ని తుపాకులతో, ఫిరంగులతో ఆపాడు. అప్పుడు షేర్ ఘాజీ ఖాన్ స్వరం మార్చాడు. పొరపాటైంది, మీరు మా అతిథులు అన్నాడు. ఆ తర్వాతి మాట వినండి: ఇంతమందికి ఒక్క చోట తిండి పెట్టడం మా వల్ల కాదు, విడివిడిగా మా ఊళ్లలో దిగండి అన్నాడు.

అది పచ్చి మోసం. కానీ మోసం ఎందుకు పారిందో చూడాలి. ఎడారి దాటొచ్చిన సైన్యం సంచుల్లో ఏమీ మిగల్లేదు. ఒక్క చోట తిండి పెట్టలేనన్న మాట వినగానే నమ్మబుద్ధేసేలా ఉంది. బెకోవిచ్ సైన్యాన్ని ముక్కలు చేశాడు. ముక్కల్ని ఖీవావాళ్లు తీరిగ్గా నరికారు, మిగిలినవాళ్లని బానిసలు చేశారు. బెకోవిచ్ తల బుఖారాకి కానుకగా వెళ్లింది. బెకోవిచ్‌లా మాయమైపోయాడు అని రష్యన్‌లో ఒక సామెత పుట్టింది. ఖీవాలో షేర్ ఘాజీ పేరున ఉన్న మదరసా బానిసల చేత కట్టించిందే. తుర్క్‌మెన్ల మహాకవి మఖ్తుమ్‌కులీ అందులో చదువుకున్నాడంటారు. చివరికి ఖాన్ చచ్చిందీ బానిసల చేతుల్లోనే.

తర్వాతి నూటపాతికేళ్లని ఒక్క గుక్కలో దాటేస్తాను. రష్యా దక్షిణపు అంచున ఓరెన్‌బర్గ్ కోట లేచింది. కజఖ్ తెగలు ఒకటి తర్వాత ఒకటి రష్యా పాలన కిందికొచ్చాయి. ఇకమీద మన కథలో రష్యన్ల ఒంటెలు చాలావరకు వాళ్లవే.

1839లో ఓరెన్‌బర్గ్ గవర్నర్ వాసిలీ పెరోవ్‌స్కీ. బొరొదినో యుద్ధంలో ఒక చేతివేలు పోగొట్టుకున్నాడు. 1812లో నెపోలియన్ సైన్యానికి ఖైదీగా చిక్కి ఫ్రాన్స్ దాకా నడిచాడు. ఆ నడక గురించి ఆయన రాసుకున్నది తర్వాత 'యుద్ధము–శాంతి' రాసేటప్పుడు టాల్‌స్టాయ్‌కి పనికొచ్చింది. రష్యా చలి ఫ్రెంచి సైన్యాన్ని ఏం చేసిందో కళ్లారా చూసిన మనిషి ఆయన. అలాంటివాడు చలినే నమ్ముకుని బయల్దేరాడు. వేసవిలో ఉస్త్‌యుర్త్ మీద నీటిచుక్క దొరకదు. చలికాలంలో మంచు ఉంటుంది, కరిగించుకుంటే నీళ్లే. కాగితం మీద ఇంత తెలివైన ఆలోచన ఇంకోటి లేదు.

అరల్ సముద్రానికి శాస్త్రపరిశోధన కోసం వెళ్తున్నామని బయటికి చెప్పి ఏర్పాట్లు చేశారు. మన క్యాలెండర్ ప్రకారం నవంబర్ చివర్లో ఐదు వేల పైచిలుకు సైనికులు కదిలారు. వాళ్ల వెంట పదివేల పైచిలుకు ఒంటెలు, రెండు వేల మంది కజఖ్ తోలకందార్లు. రష్యన్ నిఘంటువు కూర్చిన వ్లదీమిర్ దాల్ కూడా ఉన్నాడు. దారి నుంచి మిత్రులకి ఉత్తరాలు రాశాడు.

ఇక్కడ కాసేపు ఆగి, మాస్టారు బోర్డు మీద చేయించినట్టు లెక్క చేద్దాం. ఒంటెకి రెండు మూటలు, అటొకటి ఇటొకటి. మొత్తం ఇరవై వేల మూటలు. రోజూ సాయంత్రం దించాలి, రోజూ పొద్దున్నే ఎక్కించాలి. తోలేవాడికి ఐదేసి ఒంటెలు. తాడు మంచుకి బిగుసుకుపోయి ఉంటుంది. వేళ్లు వంగవు. సైనికులు కూడా చెయ్యి వేయాలి, వాళ్లకి ఒంటె కట్టడం రాదు. ఇక చలికాలపు పగలెంత? ఏడెనిమిది గంటలు. ఒంటె మేసేది పగలు, మెల్లిగా, గంటల తరబడి. నడక కూడా పగలే. మేస్తే నడక లేదు, నడిస్తే మేత లేదు.

ఇంకోటుంది. గడ్డి మైదానంలో పుట్టిన గుర్రం గిట్టతో మంచు తవ్వి కింది గడ్డి తింటుంది. అందుకే కజఖ్‌లు మంచు కాలంలో ముందు గుర్రాల్ని తోలి, అవి తవ్వి వదిలిన చోటికి గొర్రెల్ని, ఒంటెల్ని పంపుతారు. ఒంటె పాదానికి గిట్ట ఉండదు, మెత్తటి దిండు లాంటి అరికాలు. తవ్వలేదు. మంచు పైన గడ్డకట్టిన పెచ్చు ఆ అరికాలిని కోసేస్తుంది. మంచు మీద అలాగే పడుకోబెడితే పొట్ట కింద చలి పట్టి లేవదు. మంచు ఊడ్చి కింద ఏదైనా పరిచి పడుకోబెట్టాలి, పదివేల ఒంటెలకి. ఒక కజఖ్ ముసలమ్మని అడిగినా ఇవన్నీ చెప్పేది. ఏ సేనాధిపతీ ముసలమ్మల్ని అడగడు, ఆ మాట వేరు.

ఆ ఏడాది చలి మామూలు చలి కాదు. పాదరసం సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి, ఇంకా కిందికి పోయింది. వంటచెరకు లేదు. అరల్ సముద్రం మీద వాడుదామని మోసుకొచ్చిన పడవల్ని చీల్చి మంటలు వేసుకున్నారు. ఎంబా నది దగ్గర తోలకందార్లు ఇక ముందుకి రామని కూర్చున్నారు. తమ పశువు చావడం వాళ్లు చూస్తున్నారు, తమ చావూ కనబడుతోంది. పెరోవ్‌స్కీ ముందున్నవాళ్లని కాల్పించాడు. మిగిలినవాళ్లు లేచి తాళ్లు పట్టుకున్నారు.

1840 ఫిబ్రవరిలో అక్-బులాక్ అనే చిన్న కోట దగ్గర పెరోవ్‌స్కీ వెనక్కి తిరిగాడు. ఖీవా ఇంకా సగం దారి అవతలే ఉంది. యుద్ధంలో పోయినవాళ్లు బహు కొద్దిమంది. చలికి, చిగుళ్ల నుంచి రక్తం కారే జబ్బుకి పోయిన సైనికులు వెయ్యి దాటారు, 1,054 అని రష్యన్ లెక్క. పదివేల ఒంటెల్లో మిగిలినవి పదిహేను వందలు కూడా లేవు. సైనికుల లెక్క ఒకట్ల స్థానం దాకా తేలింది. ఒంటెల్ని పదివేల పైచిలుకు అని, తోలకందార్లని రెండు వేల మంది అని గుండుగుత్తగా రాశారు. వసంతంలో ఇళ్లకి తిరిగొచ్చిన తోలకందార్ల సంగతి ఊహించుకోవడమే. మైదానంలో ఒంటె ఉన్న ఇల్లు సంసారం. ఒంటె పోయిన ఇల్లు వేసవి మేతభూములకి కదల్లేదు.

అదే ఏడాది, 1839లో, ఈస్టిండియా కంపెనీ సైన్యం సింధు నది దాటి కాబూల్ మీదికి వెళ్లింది. దాని వెంట ముప్పై వేల ఒంటెలు. బోలాన్ కనుమ పొడుగునా వాటి కళేబరాలే. ఉత్తరాన ఒక సామ్రాజ్యం, దక్షిణాన ఇంకో సామ్రాజ్యం, ఒకరికొకరు భయపడి ఒకే ఏడాది ఆసియా ఒంటెల్ని ఇలా తగలేశారు. దీన్ని ఇంగ్లీషువాళ్లు 'గ్రేట్ గేమ్' అన్నారు. ఆ ఆట పుస్తకాలు నేనూ ఒకప్పుడు ఆత్రంగా చదివాను. ఇప్పుడా మాట వింటే చిరాకు.

ఆటలో ఒక హాస్యం మాత్రం చెప్పుకోవాలి. పెరోవ్‌స్కీ వెనక్కి తిరిగిన కొన్నాళ్లకే హెరాత్ నుంచి రిచ్‌మండ్ షేక్‌స్పియర్ అనే కుర్ర ఆంగ్లేయ అధికారి ఖీవాకి వెళ్లాడు. ఖాన్ అల్లా కులీని మాటలతో ఒప్పించి 416 మంది రష్యన్ బందీల్ని విడిపించి, ఎడారి దాటించి రష్యన్లకి అప్పగించాడు. రష్యా దండెత్తడానికి సాకు లేకుండా చేయాలన్నది ఇంగ్లీషువాళ్ల ఎత్తుగడ. ఎత్తుగడ ఎవరిదైతేనేం, 416 మంది ఇళ్లకి చేరారు. పదివేల ఒంటెలు చెయ్యలేని పని.

పెరోవ్‌స్కీ పాఠం నేర్చుకున్నాడు. 1853లో మళ్లీ వచ్చినప్పుడు ఎడారికి అడ్డం పడలేదు. సిర్ దరియా నదిని పట్టుకుని నడిచి, కోకండ్ ఖాన్ చేతిలోని అక్-మెచెత్ కోట తీసుకున్నాడు. ఇప్పటి కిజిల్‌ఒర్దా అదే. అప్పటి నుంచి రష్యా పద్ధతి మారింది. ఒక కోట, దాని పక్కన బావి, కాస్త గడ్డి. అక్కడ కుదురుకున్నాక ముందుకి ఇంకో కోట. అరల్ సముద్రంలో ఆవిరిపడవలు తిరిగాయి. 1865లో తాష్కెంట్, 1868లో సమర్కంద్ చేతికొచ్చాయి. 1869లో కాస్పియన్ తూర్పు ఒడ్డున క్రాస్నొవొద్‌స్క్ లేచింది. ఈ మధ్యలో 1864లో విదేశాంగ మంత్రి గొర్చకోవ్ యూరప్ రాజధానులకి ఒక వివరణ పంపాడు. సంచారజాతుల పక్కన ఉన్న ఏ నాగరిక రాజ్యమైనా శాంతి కోసం ముందుకి జరగక తప్పదని, అమెరికాలో, అల్జీరియాలో, ఇండియాలో మీరు చేస్తున్నదీ ఇదే కదా అని దాని సారం. ఆ చివరి మాటకి లండన్‌లో ఎవరి దగ్గరా మంచి జవాబు లేదు.

1873లో తుర్కిస్తాన్ గవర్నర్ జనరల్ కౌఫ్‌మన్ ఖీవా మీదికి అన్ని దిక్కుల నుంచీ దళాల్ని నడిపించాడు. తాష్కెంట్ దిక్కు నుంచి తాను, ఓరెన్‌బర్గ్ నుంచి వెరియోవ్‌కిన్, కాస్పియన్ ఒడ్డున మంగిష్లాక్ నుంచి లొమాకిన్, క్రాస్నొవొద్‌స్క్ దళంతో మార్కొజోవ్. మొత్తం పదమూడు వేల మంది. ఒక దళం పోయినా ఇంకోటి చేరుతుందన్న లెక్క. అలాగే జరిగింది. మార్కొజోవ్ దళం కారాకుమ్‌లో ఎండకి, దాహానికి కూలబడి సగంలో వెనక్కి పోయింది. దాని కష్టాలు ముందు నుంచే ఒంటెలతో మొదలయ్యాయి. మంగిష్లాక్‌లో తెగలు ఒంటెలు ఇవ్వబోమని ఎదురు తిరిగాయి. లొమాకిన్ బలవంతంగా లాక్కోవాల్సి వచ్చింది.

కౌఫ్‌మన్ దళం కూడా చావు అంచుదాకా వెళ్లింది. దగ్గర దారి అని ఎంచుకున్న బాటలో ఒక చోటికి స్థానికులు పెట్టుకున్న పేరు ఆడమ్-క్రిల్గన్. మనిషి చచ్చిన చోటు అని అర్థం. చోటు పేరులోనే హెచ్చరిక ఉన్నా సైన్యాలు వినవు. అక్కడి నుంచి ఆము దరియా దాకా దారిలో నీళ్లు లేవు, తిత్తులు ఖాళీ అవుతున్నాయి, ఒంటెలు బరువుతో సహా కూలుతున్నాయి. మోయలేని సామాను ఇసుకలో కాల్చేస్తున్నారు. అప్పుడు చింకిబట్టల కజఖ్ ఒకడు వచ్చి, దారికి పక్కగా బావులున్నాయని చెప్పాడు. కౌఫ్‌మన్ జేబులోంచి తన చిన్న నీళ్లసీసా తీసి అతని చేతికిచ్చి, నిండుగా తెస్తే వంద రూబుళ్లు అన్నాడట. నిండుగానే తెచ్చాడు. అల్తి-కుదుక్, అంటే ఆరు బావులు. సైన్యం బతికింది. ఆ దండయాత్రని వెతుక్కుంటూ అనుమతి లేకుండా ఒంటరిగా ఎడారి దాటి వచ్చిన అమెరికన్ విలేకరి జనువేరియస్ మెక్‌గాహన్ ఈ సంగతి రాశాడు. కౌఫ్‌మన్ పేరున తర్వాత వీధులు, విగ్రహాలు వెలిశాయి. ఆ నీళ్లసీసా నింపి తెచ్చినవాడి పేరు వీధికి పెట్టినట్టు నేనెక్కడా చూడలేదు.

పట్నం పడిపోవడం దాదాపు ప్రహసనం. మన లెక్కలో జూన్ 10. ఒక వైపు ఖీవా పెద్దలు కౌఫ్‌మన్‌కి ఎదురెళ్లి లొంగిపోతున్నాం అంటున్నారు. ఉత్తరపు గుమ్మం దగ్గర వెరియోవ్‌కిన్ దళంవాళ్లు ఫిరంగులు పేలుస్తూ లోపలికి దూకుతున్నారు. దూకినవాళ్ల ముందు స్కొబెలెవ్ అనే కుర్ర అధికారి, కీర్తి ఆకలి మీద ఉన్నాడు. అలా లొంగిపోయిన ఊరిని జయించారు.

ఆగస్టు ఒప్పందంలో ఖాన్ మొహమ్మద్ రహీమ్ రష్యా చక్రవర్తికి విధేయ సేవకుడినని రాసిచ్చాడు. ఆము దరియా కుడిగట్టు పోయింది. ఇరవై రెండు లక్షల రూబుళ్ల జరిమానా, ఇరవై ఏళ్లలో కట్టాలి. బానిసత్వం రద్దయింది, అది జరిగిన మంచి. కానీ విడుదలై ఇళ్లకి బయల్దేరిన పర్షియన్ల గుంపుల మీద దారిలో మళ్లీ తుర్క్‌మెన్లు పడ్డారు. ఖాన్ విషయానికొస్తే ఫిరూజ్ అనే కలం పేరుతో కవిత్వం రాసుకున్నాడు, ఊళ్లో లిథో అచ్చుయంత్రం పెట్టించాడు. రాజ్యం పోయాక చేసిన పనే ఎక్కువ కాలం నిలిచింది.

ఖీవా ఖాన్ల దఫ్తరాలు, చేతిరాత పుస్తకాలు కూడా విజేతలతో పాటు పీటర్స్‌బర్గ్ వెళ్లాయి. ఆ దఫ్తరాలు గ్రంథాలయంలో ఎవరికీ పట్టకుండా పడి ఉండి, 1936లో ఇవనోవ్ అనే పండితుడి కంట పడ్డాయి. ఓడినవాళ్ల లెక్కపుస్తకాలు గెలిచినవాళ్ల అటక మీద అరవై ఏళ్లు ఉన్నాయన్నమాట. ఇప్పుడు అలెగ్జాండర్ మారిసన్ వంటి చరిత్రకారులు ఈ యుద్ధాల్లో ఒంటెకి దక్కాల్సిన చోటు ఇస్తున్నారు. ఈ ఉపన్యాసానికి ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

ఆ కాలపు చిత్రకారుడు వెరెష్చాగిన్ పేరు ఇక్కడ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పుర్రెల గుట్ట బొమ్మ వేసినాయన. కౌఫ్‌మన్ సైన్యంతో తిరిగి వేసిన బొమ్మలు 1874లో పీటర్స్‌బర్గ్‌లో ప్రదర్శించాడు. ఒకదాంట్లో ఎడారిలో వదిలేసిన రష్యన్ సైనికుడి శవం. మా సైన్యం ఎవర్నీ అలా వదలదని పెద్దలు కోప్పడ్డారు. వెరెష్చాగిన్ ఆ బొమ్మని, ఇంకో రెండింటిని తన చేతులతో కాల్చేశాడు. వదిలేసిన ఒంటెల బొమ్మ వేసుంటే ఎవరికీ కోపం వచ్చేది కాదేమో.

మనకీ ఈ కథకీ సంబంధం లేదనుకోకండి. ఖీవా తర్వాత 1881లో స్కొబెలెవ్ గియోక్-తెపె కోట గోడ కింద మందు పెట్టి పేల్చి తుర్క్‌మెన్లని ఊచకోత కోశాడు. 1884లో మెర్వ్ లొంగిపోయింది. 1885లో రష్యన్లు పంజ్‌దేహ్ దగ్గర ఆఫ్ఘన్ల మీద పడ్డారు. రష్యన్లు ఇండియా దాకా వస్తారన్న భయం కలకత్తాకి, అక్కణ్ణించి హైదరాబాద్‌కి వచ్చింది. 1887లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాయవ్య సరిహద్దు రక్షణకని అరవై లక్షల రూపాయలిస్తానని వైస్రాయ్ డఫరిన్‌కి రాశాడు, ఏడాదికి ఇరవై లక్షల చొప్పున మూడేళ్లు. సంస్థానాల సైన్యాల్ని సామ్రాజ్య సేవకి తయారుచేసే ఏర్పాటు ఆ కదలికలోంచే పుట్టింది. ఆ ఏర్పాటు కిందే హైదరాబాద్ లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లారు. నిజాం ఇస్తానన్న సొమ్ము నిజాం పండించింది కాదు కదా. పాలమూరులో, నల్లగొండలో శిస్తు కట్టిన రైతుకి ఖీవా ఎక్కడుందో తెలియదు.

కాస్పియన్ ఒడ్డు నుంచి వేసుకుంటూ వచ్చిన రైలుపట్టాలు 1888లో సమర్కంద్ చేరాయి. అక్కడితో సైన్యాలకి ఒంటె అక్కర తగ్గింది. నా కథ కూడా అక్కడితో అయిపోవాలి. కానీ ఒక్క దృశ్యం మిగిలిపోయింది. దానికోసం వెనక్కి, 1873 వేసవికి వెళ్లాలి.

ఖీవా లొంగిపోయాక కౌఫ్‌మన్ చూపు ఆ రాజ్యంలోనే ఉండే యోముద్ తుర్క్‌మెన్ల మీద పడింది. మూడు లక్షల రూబుళ్లు జరిమానా వేశాడు. అంత సొమ్ము ఆ తెగ దగ్గర ఉండదని అందరికీ తెలుసు. గడువు తీరకముందే జనరల్ గొలొవచోవ్‌ని దండుతో పంపాడు. ఇళ్లు, కుటుంబాలు, పశువులు సహా నాశనం చేయమన్న ఆ ఉత్తర్వు తర్వాత అమెరికన్ దౌత్యవేత్త యూజీన్ స్కైలర్ పుస్తకంలో అచ్చయింది. ఇళ్లు, గడ్డివాములు, కోతకోసిన గోధుమ కుప్పలు కాల్చుకుంటూ కొసాక్కు రౌతులు వెళ్లారు. బళ్ల మీద పిల్లాపాపలతో పారిపోతున్నవాళ్లని తరిమి నరికారు. మెక్‌గాహన్ ఆ దండుతోనే ఉన్నాడు, చూసింది రాశాడు. యోముద్ గుర్రపురౌతులు ఎదురు దాడి చేశారు, తుపాకుల ముందు నిలవలేదు.

ఆ తర్వాత మిగిలిన తుర్క్‌మెన్ తెగల మీద కూడా జరిమానా పడింది. కట్టడానికి నాణేలు లేవు. ఆడవాళ్లు తమ వెండి తెచ్చారు. కడియాలు, కమ్మలు, ఎర్రరాళ్లు పొదిగిన రొమ్ము బిళ్లలు, పెళ్లినాడు ఒంటి మీద పెట్టుకున్నవి. రష్యన్ అధికారుల ముందు నేల మీద కుప్ప పోశారు. గుమాస్తా త్రాసు పట్టుకుని తూచి, బరువు రాసుకున్నాడు. పనితనానికి లెక్క లేదు, వెండికే.

జరిమానాలో కొంత మాత్రం డబ్బుగా వద్దన్నారు. ఒంటెలుగా కట్టమన్నారు. సైన్యం ఇళ్లకి వెళ్లాలి, తెచ్చుకున్నవి చాలావరకు దారిలో చచ్చిపోయాయి.